తరలినది పాట, మిగిలినది పాటగాడు: కోవిడ్ కాలపు అంతర్జాల జానపద ప్రదర్శనలపై ఒక విమర్శ

2020 మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చిన రోజు కూడా అదే. సంక్రాంతి అనంతరం మొదలై ఉగాది వరకు సాగే కొమురవెల్లి మల్లన్న జాతర ముగిసే వేళ అది. యాసంగి పంట చేతికొచ్చి, గ్రామాల్లో ఎల్లమ్మ కొలుపులు, బీరప్ప పండుగలు, పెండ్లిళ్లు మొదలయ్యే వేళ కూడా అదే. జానపద కళాకారుల కుటుంబాలకు ఏడాది తిండిగింజలు సమకూరేది ఈ కొద్ది నెలల్లోనే. అవి సమకూరకుండానే ఆ వేసవి గడిచిపోయింది. మరుసటి ఏడు రెండవ విడత వ్యాధి సరిగ్గా అదే రుతువులో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి కర్ఫ్యూ, తెలంగాణలో మే 12 నుంచి లాక్‌డౌన్ అమలయ్యాయి. వరుసగా రెండు ప్రదర్శన రుతువులు నష్టమయ్యాయి.

ఈ రెండేళ్లను గురించి తెలుగు సాహిత్య, సాంస్కృతిక రంగాలలో ఒక అభిప్రాయం స్థిరపడింది. జానపద కళ అంతర్జాలానికి తరలిందని, ఆపద కాలంలో కొత్త రంగస్థలాన్ని వెదుక్కుందని, తద్వారా తన జీవశక్తిని మరోసారి నిరూపించుకున్నదని ఆ అభిప్రాయ సారాంశం. వినడానికి ఇది కళాకారులకు ఇచ్చిన గౌరవంలా ఉంటుంది. పరిశీలిస్తే ఇందులో ఉన్నది గౌరవం కాదు, లెక్క తప్పించుకునే సౌకర్యం. ‘తరలింది’ అనే క్రియకు కర్త ఎవరు? పాట తరలిందా, పాటగాడు తరలాడా, పాటను పిలిపించుకుని ప్రతిఫలమిచ్చే ఊరు తరలిందా? ఈ మూడింటినీ ‘జానపద కళ’ అనే ఒకే మాటలో కలిపివేయడం వల్లనే ఆ అభిప్రాయం నిలబడుతున్నది. విడదీసి చూస్తే తెరమీదికి చేరింది పాఠం, వరుస మాత్రమే. ప్రదర్శనను ప్రదర్శనగా నిలబెట్టే సంబంధం, దానితో ముడిపడిన జీవిక రెండూ ఊళ్లోనే ఆగిపోయాయి.

ఆగిపోయినది ఏమిటి?

ఒగ్గుకథను ఉదాహరణగా తీసుకోవచ్చు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పే ఒగ్గు పూజారి కథకుడు మాత్రమే కాదు. నేలమీద రంగుల పొడులతో పట్నం వేసేదీ, దేవుని కల్యాణం జరిపించేదీ, మొక్కు చెల్లిందని చెప్పేదీ అతడే. కథ ఆ క్రతువులో భాగం. మొక్కుకున్న ఇంటివారు వినోదం కోసం అతణ్ణి పిలవరు. దేవుని బాకీ తీర్చుకోవడానికి పిలుస్తారు. పట్నం లేని, మొక్కు లేని, ఇంటివారు లేని ఒగ్గుకథ ఫోనులో వినిపించినప్పుడు మల్లన్న కథలోని సంఘటనలు శ్రోతకు చేరుతాయి. మొక్కు చెల్లదు. మొక్కు చెల్లకపోతే కట్నమూ లేదు.

ఆశ్రిత కులాల కళారూపాలలో ఈ సంగతి మరింత స్పష్టం. మాదిగ వాడలో జాంబపురాణం వినిపించడం చిందువారికి, డక్కలివారికి తరతరాలుగా ఉన్న హక్కు. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు కులపురాణం చెబుతారు. ఏ కుటుంబం ఏ ఊళ్లను అడగాలో మిరాసీ నిర్ణయిస్తుంది. ఆ ఊళ్లను అన్నదమ్ములు ఆస్తిలా పంచుకుంటారు. ఇచ్చే దానిని భిక్షగా కాక త్యాగంగా లెక్కిస్తారు. దాత తన కులం పుట్టుకను వినాలంటే ఈ కళాకారుడే రావాలి. వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపకూడదు. ఈ వ్యవస్థలో కులపు అసమానత లేదని ఎవరూ అనరు. దానిని ఆదర్శంగా చూపవలసిన అవసరమూ లేదు. అయితే ఆ అసమానతలోనే కళాకారుడికి ఒక బలమైన పట్టు ఉంది. అది అడిగే హక్కు. తెర ముందు కూర్చున్న ప్రేక్షకుణ్ణి అడగడానికి ఏ మిరాసీ లేదు. అతడు నచ్చితే చూస్తాడు, లేకపోతే వేలితో పక్కకు నెట్టివేస్తాడు. ఇవ్వవలసిన బాధ్యత అతనికి లేదు, అడిగే అధికారం పాడేవాడికి లేదు. ఒక సంబంధం అంతర్జాలానికి ‘తరలింది’ అనాలంటే దానిలోని ఇరుపక్షాల బాధ్యతలూ తరలాలి. ఇక్కడ ఒక్క పక్షం బాధ్యత మాత్రమే, అంటే పాడే బాధ్యత మాత్రమే తరలింది.

కాలం, స్థలం విషయమూ అంతే. కారంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవం కార్తిక అమావాస్యనాడు మొదలై ఐదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క పేరు. ఏ రోజు కథ ఆ రోజుదే. వీరులు పడిన నేలమీదే ఆ కథ జరగాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడ కావాలంటే అక్కడ చూడగలగడం అంతర్జాలపు గొప్ప సుగుణమని చెబుతారు. ఈ కళారూపం విషయంలో ఆ సుగుణం దాని మూల నియమానికే విరుద్ధం.

వంత లేని కథ

రెండవ ఆక్షేపణ ప్రదర్శన నిర్మాణానికి సంబంధించినది. తెలుగు కథాగాన రూపాలలో అధికభాగం ఒంటరి గానాలు కావు. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా రాజకీయ వంత, హాస్య వంత ఉంటారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడి మాటను అందుకుని, ప్రశ్నించి, సాగదీసే సహాయకుడు, వెనుక డోలు, తాళాల బృందం ఉంటాయి. శారదకథలో కుటుంబంలోని స్త్రీలే వంతలు. వంత కేవలం పునరుక్తి కాదు. కథకుడు ఊపిరి పీల్చుకునే వ్యవధి, తరువాతి చరణాన్ని కూర్చుకునే అవకాశం, శ్రోతల తరఫున వేసే ప్రశ్న అన్నీ అందులో ఉన్నాయి. అక్షరాధారం లేని రచన నిలబడేది ఈ అమరికమీదే.

దృశ్య సమావేశాల సాంకేతికత ఈ అమరికకు సరిపడదు. ఇద్దరు కలిసి తాళం తప్పకుండా పాడాలంటే ఒకరి ధ్వని మరొకరికి సుమారు 30 మిల్లీసెకన్లలోపు చేరాలి. సాధారణ అంతర్జాల సంభాషణలో జాప్యం దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లు మాటల కోసం తయారయ్యాయి. ఒకేసారి ఇద్దరు గొంతెత్తితే ఒకరి గొంతును అణచివేస్తాయి. డోలు మోతను, గజ్జెల చప్పుడును, శ్రుతి నాదాన్ని నేపథ్య రొదగా భావించి తొలగించడానికి చూస్తాయి. కార్యాలయ సమావేశానికి ఇది ఉపకారమే. బుర్రకథకు మాత్రం సగం దేహాన్ని కోసివేయడమే. గుమికూడడానికి అనుమతి లేని నెలల్లో బృందమంతా ఒకచోట చేరడం కుదరలేదు. విడివిడిగా ఉండి కలిసి పాడడం సాంకేతికంగా సాధ్యపడలేదు. కనుక మిగిలినది ఒక్కటే. ప్రధాన గాయకుడు ఒక్కడే ఫోను ముందు కూర్చుని, రాత్రంతా నడిచే కథలోంచి పది నిమిషాల ముక్కను పాడడం. దానిని ఆ కళారూపపు ‘ఆన్‌లైన్ ప్రదర్శన’ అని నమోదు చేసుకున్నారు. వంతల పేర్లు ఏ నమోదులోనూ చేరలేదు. వారికి ఆ రోజు పనీ లేదు, కూలీ లేదు.

ఆకాశవాణి అనే ప్రతివాదం

దీనికి ఒక బలమైన ప్రతివాదం ఉంది. జానపద కళ ఎన్నడూ ఒకే రంగస్థలానికి కట్టుబడి లేదు. జంగంకథను 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథగా మలచి కొత్త ఇతివృత్తాలతో, కొత్త శ్రోతల ముందుకు తెచ్చింది. ఆ రూపానికి షేక్ నాజర్ చేసిన సేవ సుప్రసిద్ధం. గ్రామఫోను రికార్డులు, ఆకాశవాణి, క్యాసెట్లు వరుసగా వచ్చాయి. వాటన్నిటిలోనూ ఊరు లేదు, మొక్కు లేదు, ఎదుట శ్రోత లేడు. అప్పుడు లేని ఆక్షేపణ ఇప్పుడెందుకు అన్నది ఆ ప్రతివాదం.

యంత్రం ప్రవేశించగానే కళ చెడుతుందనే వాదానికి ఇది సరైన సమాధానమే. అటువంటి శుద్ధివాదం ఇక్కడి ఆక్షేపణ కాదు. ఆకాశవాణి ఉదాహరణను పూర్తిగా పరిశీలిస్తే అది ఈ ఆక్షేపణను బలపరుస్తుంది. ఆకాశవాణి కళాకారులను ధ్వనిపరీక్ష ద్వారా ఎంపిక చేసి శ్రేణులు నిర్ణయించింది. ఒప్పందపత్రం పంపింది. పారితోషికం చెల్లించింది. బృందాన్ని బృందంగానే స్టూడియోకు రప్పించింది. ప్రసారానికి ముందు పేర్లు చదివింది. ఊరితో ఉన్న పాత ఒప్పందం స్థానంలో సంస్థతో ఒక కొత్త ఒప్పందం వచ్చింది. ఆ పారితోషికం చిన్నదే కావచ్చు, శ్రేణుల నిర్ణయంలో శాస్త్రీయ సంగీతానికి దక్కిన మర్యాద జానపదానికి దక్కి ఉండకపోవచ్చు. అయినా ఎవరు ఎవరికి ఏమి బాకీ అన్నది కాగితంమీద ఉంది. బుర్రకథ విషయంలోనూ రూపాన్ని మార్చింది కళాకారులే. మార్చి, కాలినడకన ఊరూరా తిరిగి వినిపించిందీ వారే.

2020లో జరిగినది దీనికి భిన్నం. పాత ఒప్పందం ఆగిపోయింది, కొత్త ఒప్పందం రాలేదు. పిలిచిన సంస్థకు కార్యక్రమం జరిగిందన్న లెక్క, వేదికకు ప్రకటనల ఆదాయం, పరిశోధకుడికి సామగ్రి, ప్రేక్షకుడికి వినోదం దక్కాయి. పాడినవాడికి ఏమి దక్కాలన్నది ఎక్కడా రాసి లేదు. తెలంగాణ సాంస్కృతిక సారథిలో నియమితులైన కళాకారులు ఆ నెలల్లో కరోనా జాగ్రత్తల పాటలు పాడారు. వారికి నెలజీతం ఉంది. వారికీ మిరాసీ ఊళ్లు తిరిగే కళాకారుడికీ మధ్య తేడా ప్రతిభలో లేదు, సాంకేతిక పరిజ్ఞానంలో లేదు. ఒకరికి ఒప్పందం ఉంది, మరొకరికి లేదు. ఆన్‌లైన్ అన్న మాట ఈ తేడాను కప్పివేస్తుంది.

వ్యాప్తి వేరు, జీవిక వేరు

అంతర్జాలం వల్ల మేలు జరగలేదని చెప్పడం అసత్యమవుతుంది. విదేశాలలోని తెలుగు కుటుంబాలు ఆ ఏడాది బతుకమ్మ పాటలను తెరమీద కలిసి పాడుకున్నాయి. ఒకనాడు ఒక జిల్లా దాటి వినిపించని వాద్యాలను యువకులు మొదటిసారి విన్నారు. కొన్ని కథలకు ధ్వనిముద్రణలు ఏర్పడ్డాయి. ఇవి లాభాలే. అయితే బతుకమ్మ పాడుకునేవారికి పాట జీవనాధారం కాదు. వారికి అంతర్జాలం పండుగను నిలిపింది. పాటే జీవనాధారమైనవారికి అదే అంతర్జాలం ఏమి చేసిందన్నది వేరుగా అడగవలసిన ప్రశ్న. ఈ రెండు వర్గాలను ఒకే వాక్యంలో కలిపి ‘జానపదం నిలిచింది’ అని తేల్చడం వల్లనే అసలు ప్రశ్న మరుగున పడుతున్నది.

వ్యాప్తి వస్తే జీవిక దానంతటదే వస్తుందన్న విశ్వాసానికి కిన్నెర మొగిలయ్య ఉదంతం తగిన పరీక్ష. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన ఈ డక్కలి కళాకారుడు పన్నెండు మెట్ల కిన్నెరను నిలబెట్టిన అరుదైన వ్యక్తి. 2021 సెప్టెంబరులో విడుదలైన భీమ్లా నాయక్ చిత్రగీతం ఆయన గొంతుతో, కిన్నెరతో మొదలవుతుంది. ఆ పాటను అంతర్జాలంలో లక్షలాదిమంది విన్నారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వమూ సాయం ప్రకటించింది. 2024లో ఆయన భవన నిర్మాణ స్థలంలో దినకూలీగా పనిచేస్తున్నారన్న వార్త వచ్చింది. అంతటి వ్యాప్తి, అంతటి గుర్తింపు పొందిన వ్యక్తి పరిస్థితే ఇది. ఒక వెబినార్‌లో పది నిమిషాలు పాడి మాయమైన కళాకారుడికి వ్యాప్తి ఏమి తెచ్చిపెట్టి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వినేవారి సంఖ్య కొలమానం కావచ్చు, కాని అది కొలిచేది ప్రేక్షకుల ఆసక్తిని. కళాకారుడి బతుకును కొలవదు.

తెలుగు శాఖల బాధ్యత

ఈ విషయంలో ప్రభుత్వాలను, వాణిజ్య వేదికలను విమర్శించడం సులభం. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తమ పద్ధతిని పరిశీలించుకోవడం అంతకంటె అవసరం. ఆ రెండేళ్లలో జానపద విజ్ఞానం మీద అంతర్జాల సదస్సులు విరివిగా జరిగాయి. వాటి ఆహ్వానపత్రాల తీరు పరిచితమే. వక్తల పేర్లు, హోదాలు, ఛాయాచిత్రాలు వరుసగా ఉంటాయి. చివర ‘జానపద గేయాలాపన’ అని ఒక పంక్తి. పాడేవారి పేరు ఉంటే ఉంటుంది, ఊరు ఉండదు, గురువు పేరు అసలే ఉండదు. జాంబపురాణం మీద పత్రం చదివినవారు విషయనిపుణులు. జాంబపురాణం తెలిసినవాడు విరామ సమయపు అంశం.

ఇది మహమ్మారి తెచ్చిన అలవాటు కాదు. తెలుగు జానపద సాహిత్య సేకరణలో మొదటినుంచి ఉన్న ధోరణికి ఇది కొత్త రూపం. 1874లో ఇండియన్ యాంటిక్వరీలో జె. ఏ. బాయిల్ తెలుగు వీరగాథలను పరిచయం చేసిన నాటినుంచి సేకర్తల దృష్టి ప్రధానంగా పాఠంమీదే ఉంది. 1950లలో బిరుదురాజు రామరాజు పరిశోధనతో ఈ రంగానికి విశ్వవిద్యాలయ గౌరవం లభించింది. ఆ తరం చేసిన సేకరణ లేకపోతే ఎన్నో గేయాలు నేడు లభించేవి కావు. ఆ రుణం తీరేది కాదు. అయినా గేయ సంకలనాలలో అధికభాగం పాడినవారి పేర్లు లేకుండానే అచ్చయ్యాయి. పాట జనసామాన్యానిదనే సిద్ధాంతం అందుకు సమర్థనగా నిలిచింది. ఆ సిద్ధాంతం అలవాటును కప్పిపుచ్చుతుందే కాని సమర్థించదు. పల్నాటి వీరుల కథను 1982లో ఆంగ్లంలో ప్రచురించిన జీన్ రోగైర్ తన గ్రంథంలో తాను విన్న గాయకుడు అలిశెట్టి గాలెయ్య పేరును నమోదు చేశాడు. ఆ పాఠం పల్నాటిది, ఆ ప్రదర్శన గాలెయ్యది. ఈ రెండూ ఒకేసారి నిజం కావడానికి అడ్డేమీ లేదు.

చట్టం కూడా ఈ విభజనను గుర్తించింది. 1957 నాటి కాపీరైట్ చట్టం, తరువాతి సవరణలతో కలిపి, ప్రదర్శకుడికి తన ప్రదర్శనపై ప్రత్యేక హక్కునిస్తుంది. ఆ నిర్వచనంలో గాయకులు, నటులతోపాటు గారడీవారు, పాములాడించేవారు కూడా ఉన్నారు. కథ ఎవరిదైనా, ఎంత ప్రాచీనమైనా, ఆ రోజు దానిని పాడిన ప్రదర్శనమీద హక్కు 50 ఏళ్లపాటు పాడినవాడిదే. ప్రదర్శకుడిగా గుర్తింపు పొందే నైతిక హక్కును 2012 సవరణ స్పష్టంగా చేర్చింది. నిజమైన బోధనకు, పరిశోధనకు మాత్రమే చేసే ముద్రణకు చట్టంలో మినహాయింపు ఉంది. పరిశోధకులు ఆధారపడుతున్నది దీనిమీదే. కాని తరగతి గది కోసం, పరిశోధన కోసం చేసిన ముద్రణను ఎవరైనా చూడగలిగేలా యూట్యూబ్‌లో ఉంచినప్పుడు అది ‘మాత్రమే’ అన్న హద్దును దాటుతుంది. సదస్సు ముద్రణలను యథాతథంగా బహిరంగ వేదికలకు ఎక్కించినవారు ఆ హద్దును గమనించారా? కళాకారుడికి ఆ సంగతి తెలుగులో చదివి వినిపించి, అంగీకారం తీసుకున్నారా?

చేయవలసినవి దుస్సాధ్యమైనవేమీ కావు. విషయనిపుణుడికి ఇచ్చే గౌరవ వేతనాన్నే కళాకారుడికీ, వంతలు సహా ఇవ్వాలి. శాలువా వేతనానికి ప్రత్యామ్నాయం కాదు. ముద్రణ ఎక్కడ ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది, ఆదాయం వస్తే ఎవరికి, తొలగించమంటే ఎవరిని అడగాలి అన్న నాలుగు విషయాలతో తెలుగులో ఒక అంగీకారపత్రం ఉండాలి. ప్రతి ముద్రణకూ బృందంలోని అందరి పేర్లు, ఊరు, గురుపరంపర, ఏ సందర్భంలో పాడినదీ జతచేయాలి. ఒక ప్రతి కళాకారుడి ఇంటికి చేరాలి. పరిశోధన వ్యాసాలలో ‘ప్రదర్శన’, ‘ముద్రణ’ అనే రెండు మాటలను వేరువేరు అర్థాలలో వాడాలి. ఫోను ముందు ఒంటరిగా పాడిన ముక్కను ఆధారం చేసుకుని ఒక కళారూపపు నిర్మాణాన్ని నిర్ధారించే వ్యాసాన్ని సమీక్షకులు ప్రశ్నించాలి. కళాకారుడి పేరులేని క్షేత్రసామగ్రిని, శీర్షికలేని తాళపత్రాన్ని చూసినట్టే అసంపూర్ణ ఆకరంగా పరిగణించాలి.

అన్నిటికంటె ముందు ‘జానపద కళ అంతర్జాలానికి తరలింది’ అనే వాక్యాన్ని సిద్ధాంత వ్యాసాలలోకి, పాఠ్యపుస్తకాలలోకి ఎక్కకుండా ఆపాలి. ఒకసారి ఎక్కితే దాని పర్యవసానం ఆచరణలో కనిపిస్తుంది. తెరమీద కళ క్షేమంగా ఉన్నదనుకున్న సంస్థ ఊళ్లో కళాకారుడికి సాయం ఎందుకు చేస్తుంది? ముద్రణ చేతిలో ఉన్న శాఖ బృందాన్ని ప్రయాణ ఖర్చులిచ్చి ఎందుకు పిలుస్తుంది? మళ్లీ ఇటువంటి ఆపద వచ్చినప్పుడు కళాకారుల కుటుంబాల జాబితా తయారుచేయడానికి బదులు మరో లంకెను పంచుకోవడంతో బాధ్యత తీరిపోతుంది. 2020, 2021లలో ఏ ఊళ్లలో ఏ కథ ఆగింది, ఏ బృందంలో ఎవరు వృత్తి మానుకున్నారు, ఏ మిరాసీ తిరిగి మొదలుకాలేదు అన్నవి జాతరలు మళ్లీ జరుగుతున్న నేడు కూడా క్షేత్రంలో అడిగి తెలుసుకోదగిన ప్రశ్నలే. ఆ వివరాలు చెప్పగలవారు ఇంకా ఉన్నారు. వారి దగ్గరికి వెళ్లడం తెలుగు శాఖల పని.